తిమింగలాల బాటలో... కొలువుల వేట

ఏటా 16 వేల కిలోమీటర్లకు పైగా ఈదే గ్రే వేల్స్ చుట్టూ అమెరికా, మెక్సికో తీరాల్లో రకరకాల ఉద్యోగాలు పుట్టుకొచ్చాయి. అక్కడ ఎవరు ఏం పని చేస్తున్నారు? ఆ పనికి ఏం చదవాలి? సముద్రం పక్కనే పుట్టిపెరిగిన మన విద్యార్థులు అందులో ఏం అందిపుచ్చుకోవచ్చు?

డిసెంబరు వచ్చిందంటే చాలు, కాలిఫోర్నియా తీరంలోని కొండ కొమ్ముల మీద జనం బైనాక్యులర్లు పట్టుకుని కూర్చుంటారు. చలిగాలి కోస్తుంటుంది. కళ్లెదుట గంటల తరబడి ఖాళీ నీళ్లే. ఉన్నట్టుండి దూరంగా తెల్లటి ఆవిరి పైకి చిమ్ముతుంది. ‘ఒకటి... కాదు, రెండు! దక్షిణం వైపు వెళ్తున్నాయి’ అని ఒకరు చెబుతుంటే పక్కనున్నవాళ్లు టైమ్, దిశ, సంఖ్య కాగితం మీద ఎక్కిస్తారు. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ ఎదురుచూపు.

చూసేవాళ్లకు ఇది కాలక్షేపంలా అనిపిస్తుంది. కానీ ఆ కాగితం మీది అంకెల ఆధారంగానే ఓడల వేగంపై సలహాలు, జాలర్ల వలలపై నిబంధనలు, ప్రభుత్వ విధానాలు తయారవుతాయి. ఆ తిమింగలాలను చూపించే పడవల మీద వేలమంది బతుకుతున్నారు. 2009లో వెలువడిన ఒక అంతర్జాతీయ నివేదిక ప్రకారం, 2008లో 119 దేశాలు, ప్రాంతాల్లో కోటీ 30 లక్షల మంది తిమింగలాలను చూడటానికి వెళ్లారు. ఆ రంగం మీద వచ్చిన మొత్తం ఆదాయం 210 కోట్ల డాలర్లు. అందులో పని దొరికినవాళ్లు సుమారు 13 వేల మంది.

13 వేలు అంటే ప్రపంచం మొత్తానికి! బ్యాంకు, గ్రూప్స్ నోటిఫికేషన్లలాగా లక్షల్లో పోటీపడే రంగం కాదిది. కొలువులు తక్కువ, దారి కూడా సూటిగా ఉండదు. అయినా జువాలజీ, ఫిషరీస్, స్టాటిస్టిక్స్, టూరిజం, కంప్యూటర్స్... ఏది చదివినవాళ్లకైనా ఇందులో ఒక తలుపు ఉంది. ఆ తలుపు ఎక్కడుందో తెలియాలంటే ముందు ఆ జీవి సంగతి తెలియాలి.

ఎవరీ ప్రయాణికులు?

గ్రే వేల్ అంటే బూడిద రంగు తిమింగలం. పెద్దదైతే 14 మీటర్ల దాకా పెరుగుతుంది, అంటే మన ఆర్టీసీ బస్సు కంటే పొడవు. బరువు 40 టన్నుల వరకూ ఉంటుంది. వేసవిలో అలాస్కాకు అవతల బేరింగ్, చుక్చీ సముద్రాల్లో మేస్తుంది. దీని మేత తీరే వేరు. సముద్రం అడుగుకు వెళ్లి, ఒక పక్కకు ఒరిగి బురదను నోటితో పీల్చుకుంటుంది. పై దవడ నుంచి వేలాడే జల్లెడలాంటి పొరలతో బురదను, నీళ్లను వడకట్టి, రొయ్యల జాతికి చెందిన సన్నటి జీవులను మాత్రం మింగుతుంది.

చలికాలం మొదలవగానే దక్షిణానికి బయలుదేరుతుంది. తీరం వెంబడే కెనడా, అమెరికా దాటి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పానికి చేరుతుంది. అక్కడ సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన లోతు తక్కువ ఉప్పునీటి సరస్సులున్నాయి. మన పులికాట్‌ను ఊహించుకోండి, అలాంటివే. పిల్లల్ని కనడానికి, పెంచడానికి తల్లులు వీటిని ఎంచుకుంటాయి. పుట్టిన పిల్లే నాలుగున్నర మీటర్ల పొడవు, దాదాపు టన్ను బరువు ఉంటుంది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దక్షిణ ప్రయాణం. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి తిరుగుప్రయాణం. అన్నిటికంటే చివర్లో బయలుదేరేవి పిల్ల తల్లులు. పిల్లలను చంపి తినే కిల్లర్ వేల్స్ భయంతో అవి ఒడ్డుకు బాగా దగ్గరగా వెళ్తాయి. ఒడ్డున నిలబడినవాళ్లకూ కనిపించడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ ప్రయాణంలో, సరస్సుల్లో ఉన్న రోజుల్లో ఇవి దాదాపు ఏమీ తినవు. వేసవిలో ఒంట్లో దాచుకున్న కొవ్వే ఆ నెలలన్నిటికీ ఆధారం. ఉత్తరాన మేత తగ్గితే దాని దెబ్బ కొన్ని వేల కిలోమీటర్ల అవతల మెక్సికో పడవవాడి సంపాదన మీద పడుతుంది. ఎలాగో తర్వాత చూద్దాం.

ఈటె వదిలి టికెట్ ఇచ్చారు

ఒకప్పుడు ఇదే దారిలో వేట ఓడలు కాపు కాసేవి. 1850ల చివర్లో చార్లెస్ స్కామన్ అనే అమెరికన్ కెప్టెన్ బాహాలోని సరస్సుల్లోకి ఓడ నడిపి తల్లీపిల్లలున్న చోటే వేట మొదలుపెట్టాడు. నూనె కోసం తిమింగలాలను చంపేవారు. పిల్లను కాపాడుకోవడానికి తల్లి ఎదురుతిరిగి పడవలను బద్దలుకొట్టేది. అందుకే నావికులు దానికి ‘డెవిల్ ఫిష్’, అంటే దెయ్యపు చేప అని పేరు పెట్టారు. కొద్ది దశాబ్దాల్లోనే జాతి అంతరించే స్థితికి వచ్చింది. విచిత్రమేమిటంటే, అదే స్కామన్ తాను చూసిన సముద్ర క్షీరదాల కొలతలు, అలవాట్లు రాసిపెట్టి 1874లో పుస్తకంగా తెచ్చాడు. ఆ పుస్తకాన్ని శాస్త్రవేత్తలు ఇప్పటికీ ప్రస్తావిస్తారు.

1946లో తిమింగలాల వేట నియంత్రణకు అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దాంతో గ్రే వేల్స్‌కు రక్షణ దొరికింది. క్రమంగా సంఖ్య పెరిగి, 1994లో అమెరికా అంతరించిపోతున్న జాతుల జాబితా నుంచి వీటిని తీసేసింది. వన్యప్రాణుల రక్షణలో ఇంత బాగా ఫలించిన ప్రయత్నాలు తక్కువే.

వ్యాపారం సంగతికొస్తే, 1950లో శాన్ డియాగోలోని కాబ్రియో నేషనల్ మాన్యుమెంట్ కొండను తిమింగలాలు చూసే చోటుగా ప్రజలకు తెరిచారు. మొదటి ఏడాదే సుమారు 10 వేల మంది వచ్చారు. 1955లో చక్ చాంబర్లిన్ అనే జాలరి మనిషికి ఒక డాలరు తీసుకుని పడవలో తీసుకెళ్లి చూపించడం మొదలుపెట్టాడు. డబ్బు తీసుకుని నడిపే వేల్ వాచింగ్ పడవలకు అదే నాంది అని చెబుతారు. చేపల వేట లేని చలికాలంలో అతని పడవ ఖాళీగా ఉండకుండా చేసిన ఉపాయం, ఇవాళ ప్రపంచవ్యాప్త పరిశ్రమ అయింది.

జాలరి గైడ్ అయ్యాడు

మెక్సికో కథ ఇంకా ఆసక్తికరం. బాహాలోని సాన్ ఇగ్నాసియో సరస్సులో జాలర్లు తిమింగలం కనిపిస్తే పడవ దూరంగా తిప్పేసుకునేవారు. దెయ్యపు చేప అన్న భయం అంతగా పాతుకుపోయింది. 1972లో పాచికో మయోరాల్ అనే జాలరి చేపలు పడుతుండగా ఒక తిమింగలం అతని చిన్న పడవ దగ్గరకొచ్చి ఆగింది. ఎంతకీ కదల్లేదు. చివరికి అతను చెయ్యి చాపి ముట్టుకున్నాడు. అది ఏమీ చేయలేదు. ఆ కబురు పాకింది. నెమ్మదిగా ఆ సరస్సుకు ప్రపంచం నలుమూలల నుంచీ జనం రావడం మొదలైంది. ఆయన కుటుంబం తర్వాత అక్కడే యాత్రికుల క్యాంపు నడిపింది.

అక్కడ ఏడాది పని తీరు మన తీరంలాగే ఉంటుంది. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ రెండు నెలలు మత్స్యకారుల ఇళ్లలో ఎంత ఇబ్బందో మీకు చెప్పక్కర్లేదు. సాన్ ఇగ్నాసియోలో చలికాలం నెలలు తిమింగలాల సీజన్, మిగతా నెలలు చేపల వేట. పడవ నడిపేది జాలరే, గైడ్ కూడా అక్కడి కుర్రాడే, క్యాంపులో వంట చేసేది ఆ ఊరి కుటుంబమే. చేపలకు వాడే ‘పాంగా’ అనే చిన్న మోటారు పడవలనే యాత్రికులకూ వాడతారు.

అయితే ఎవరు పడితే వాళ్లు పడవ దించడానికి వీల్లేదు. లైసెన్స్ కావాలి. సరస్సులో ఒకేసారి ఉండాల్సిన పడవల సంఖ్యకు పరిమితి ఉంది. ఒక్కో పడవ ఎంతసేపు ఉండాలో కూడా లెక్కే. పిల్లల్ని పెంచే లోపలి భాగంలోకి యాత్రికుల పడవలు అస్సలు వెళ్లకూడదు. పడవ తిమింగలం వెంటపడకూడదు, అదే వస్తే రావాలి.

ఈ ప్రాంతం 1988లో ఎల్ విస్కాయినో బయోస్ఫియర్ రిజర్వుగా మారింది. 1993లో ఇక్కడి తిమింగలాల అభయారణ్యాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా 1990ల్లో సాన్ ఇగ్నాసియో పక్కనే భారీ ఉప్పు కర్మాగారం కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. మెక్సికో ప్రభుత్వానికి, మిత్సుబిషి కంపెనీకి భాగస్వామ్యం ఉన్న ప్రాజెక్టు అది. స్థానికులు, పర్యావరణ సంస్థలు, శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పోరాడారు. 2000 మార్చిలో అప్పటి అధ్యక్షుడు ఎర్నెస్టో జెడిల్లో దాన్ని రద్దు చేశారు. వచ్చిపోయే తిమింగలాల మీద ఒక ఊరి జీవనోపాధి ఆధారపడి ఉందన్న మాట ఆ వాదనకు బలాన్నిచ్చింది.

ఏయే పనులు ఉంటాయి?

వేల్ వాచింగ్ అనగానే పడవ, గైడ్ మాత్రమే గుర్తొస్తారు. వాటి వెనక ఉన్న పనులను విడదీసి చూద్దాం.

లెక్కించేవాళ్లు: అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ ‘నోవా’ 1967 నుంచి మాంటెరీ పరిసరాల్లోని తీరం నుంచి గ్రే వేల్స్‌ను లెక్కిస్తోంది. గ్రానైట్ కాన్యన్ అనే చోట శిక్షణ పొందిన పరిశీలకులు షిఫ్టుల వారీగా కూర్చుంటారు. 1994 నుంచి పియెద్రాస్ బ్లాంకాస్ అనే చోట పిల్ల తల్లులను విడిగా లెక్కిస్తున్నారు. లాస్ ఏంజెలెస్ దగ్గర పాయింట్ విసెంటే కొండ మీద అయితే వాలంటీర్లదే రాజ్యం. డిసెంబరు నుంచి మే దాకా పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా కూర్చుని లెక్కిస్తారు. గృహిణులు, రిటైరైన ఉద్యోగులు, విద్యార్థులు... అందరూ ఉంటారు. అక్కడ వాలంటీరుగా మొదలుపెట్టి పరిశోధనలోకి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

స్టాటిస్టిక్స్ వాళ్లు: కొండ మీద నుంచి చూసిన సంఖ్య, నిజంగా వెళ్లిన సంఖ్య ఒకటి కాదు. రాత్రి కనిపించవు. పొగమంచులో కనిపించవు. ఒకే గుంపును ఒకరు మూడు అంటే ఇంకొకరు నాలుగు అంటారు. ఈ తేడాలన్నీ లెక్కలోకి తీసుకుని అసలు సంఖ్యను అంచనా వేయడం గణాంక శాస్త్రవేత్తల పని. ‘మ్యాథ్స్ చదివితే సముద్రంతో ఏం పని?’ అనుకునేవాళ్లకు ఇదే జవాబు.

నేచురలిస్ట్ గైడ్లు: పడవలో మైకు పట్టుకుని యాత్రికులకు వివరించేవాళ్లు వీళ్లే. వీళ్ల పని గురించి కింద వివరంగా చూద్దాం.

పడవ సిబ్బంది: కెప్టెన్, డెక్ సిబ్బంది. లైసెన్స్, భద్రతా శిక్షణ తప్పనిసరి. తిమింగలం దగ్గర వేగం తగ్గించి, దాని దారికి అడ్డం రాకుండా సమాంతరంగా నడపడం ఒక విద్య. అమెరికాలో తిమింగలాలకు కనీసం 100 గజాలు, అంటే సుమారు 90 మీటర్ల దూరం పాటించాలని మార్గదర్శకాలున్నాయి. తల్లికీ పిల్లకీ మధ్యలోకి పడవను అస్సలు పోనివ్వకూడదు.

సముద్ర క్షీరదాల పరిశీలకులు: సముద్రంలో చమురు నిక్షేపాల కోసం శబ్ద తరంగాలు పంపేటప్పుడు, గాలిమరల స్తంభాలు పాతేటప్పుడు దగ్గర్లో తిమింగలాలు ఉంటే పని ఆపాలని చాలా దేశాల్లో నిబంధన ఉంది. ఓడ మీద కూర్చుని ఆ సంగతి చూసి చెప్పేవాళ్లనే ఈ పేరుతో పిలుస్తారు. అమెరికాలో దీనికి సాధారణంగా సైన్స్ డిగ్రీ, అందులో తగినంత జీవశాస్త్రం, కనీసం ఒక గణితం లేదా స్టాటిస్టిక్స్ పేపర్ అడుగుతారు. బ్రిటన్‌లో జేఎన్‌సీసీ గుర్తించిన చిన్న కోర్సులున్నాయి. నీళ్లలో మైకులు వేసి తిమింగలాల గొంతు వినే ‘అకౌస్టిక్’ ఆపరేటర్లకు ఇంకాస్త గిరాకీ ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు ఈ వైపు చూడొచ్చు.

కంప్యూటర్ సైన్స్ వాళ్లు: ‘హ్యాపీవేల్’ అనే వేదికలో ఎవరైనా తాము తీసిన తిమింగలం ఫొటో పెట్టొచ్చు. తోక మీది మచ్చలు, అంచుల గీతలను బట్టి అది ఫలానా తిమింగలమే అని సాఫ్ట్‌వేర్ గుర్తుపడుతుంది. మనకు వేలిముద్ర ఎలాగో దానికి తోక అలాగ. 2020లో మొదలైన ‘వేల్ సేఫ్’ అనే వ్యవస్థ కాలిఫోర్నియా తీరంలో నీటి అడుగున శబ్దాలు, పరిశీలకుల సమాచారం కలిపి, తిమింగలాలు ఎక్కువగా ఉన్నప్పుడు సరకు ఓడలకు వేగం తగ్గించమని చెబుతుంది. ఇమేజ్ రికగ్నిషన్, మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్న బీటెక్ విద్యార్థులూ, వింటున్నారా?

గైడ్ పని ఎలా ఉంటుంది?

పడవ బయలుదేరే ముందు భద్రతా సూచనలు. లైఫ్ జాకెట్ ఎక్కడుంది, కడుపులో తిప్పితే ఏ వైపు నిలబడాలి... ఇవన్నీ గైడే చెప్పాలి. పడవ ముందు భాగాన్ని గడియారంలో 12 గంటలుగా అనుకుని ‘3 గంటల వైపు చూడండి’ అంటే అందరి తలలూ కుడివైపు తిరుగుతాయి.

గ్రే వేల్ మామూలుగా 15 నుంచి 30 సెకన్లకోసారి ఊపిరి వదులుతూ మూడు నుంచి అయిదుసార్లు పైకొస్తుంది. తర్వాత తోక ఎత్తి మునిగితే మూడు నుంచి అయిదు నిమిషాలు కనిపించదు. ఈ లెక్క తెలిసిన గైడ్ ‘ఇంకో నాలుగు నిమిషాలు ఆగుదాం, కాస్త ముందుకెళ్లి తేలుతుంది’ అని ధైర్యంగా చెప్పగలడు. ఎదురు నుంచి చూస్తే ఊపిరి ఆవిరి కొన్నిసార్లు హృదయాకారంలో కనిపిస్తుంది. వీపు మీద రెక్క ఉండదు, బదులుగా చిన్న బుడిపెల వరుస ఉంటుంది. ఈ రెండు గుర్తులు చాలు, మిగతా తిమింగలాల నుంచి దీన్ని వేరు చేయడానికి.

ఇక ప్రశ్నలు. ‘వేల్ షార్క్ కూడా తిమింగలమేనా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదు, అది చేప. మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది. తిమింగలానికి మనలాగే ఊపిరితిత్తులుంటాయి, పిల్లకు పాలిస్తుంది. ఈ మాటను పదేళ్ల పిల్లాడికి ఒకలా, ఎనభయ్యేళ్ల పెద్దావిడకు ఇంకోలా చెప్పగలగాలి. వారానికి ఇరవైసార్లు అదే మాట మొదటిసారి చెబుతున్నంత ఉత్సాహంగా చెప్పాలి.

అన్నిటికంటే గట్టి పరీక్ష తిమింగలం కనిపించని రోజు. డబ్బు కట్టి వచ్చిన యాత్రికులు మొహం మాడ్చుకుంటారు. అప్పుడు దూరంగా కనిపించిన అలనో డాల్ఫిన్‌నో చూపించి ‘అదిగో తిమింగలం’ అనేస్తే పని అయిపోతుంది. కానీ గైడ్ చేతిలో ఇంకో కాగితం ఉంటుంది. ఏ టైమ్‌కు, ఎక్కడ, ఎన్ని కనిపించాయో అందులో రాయాలి. శాంతా బార్బరా దగ్గర చానల్ ఐలాండ్స్ నేచురలిస్ట్ కోర్ వాలంటీర్లు యాత్రికులకు వివరిస్తూనే ఇలాంటి సమాచారం సేకరిస్తారు. ఏమీ కనిపించకపోతే సున్నా అని రాయాలి. ఆ సున్నా కూడా సైన్స్‌కు అవసరమే. తిమింగలాలు ఎప్పుడు ఆలస్యంగా వస్తున్నాయో, ఎక్కడ తగ్గాయో చెప్పేది అదే. కనిపించింది కనిపించినట్టు, కనిపించనిది కనిపించలేదని రాయగలిగినవాళ్లకే ఈ రంగంలో విలువ.

అంకెలు ఏం చెబుతున్నాయి?

అలా దశాబ్దాలుగా రాసిన అంకెలే ఇవాళ హెచ్చరిక గంట మోగిస్తున్నాయి. 2016 నాటికి గ్రే వేల్స్ సుమారు 27 వేలు ఉన్నాయని అంచనా. 2018 డిసెంబరు నుంచి 2023 నవంబరు దాకా మెక్సికో నుంచి అలాస్కా వరకు తీరాలకు కొట్టుకొచ్చిన మృత తిమింగలాలు 690. వీటిలో చాలావాటికి ఒంట్లో కొవ్వు లేదు. ఉత్తర సముద్రాల్లో మేత పరిస్థితులు మారిపోవడమే ప్రధాన కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. మధ్యలో కాస్త కోలుకున్నట్టు కనిపించినా, 2025 లెక్క మళ్లీ దిగజారింది. ఇప్పుడు ఉన్నవి సుమారు 13 వేలు. 1970ల తర్వాత ఇదే అత్యల్పం. ఆ ఏడాది పిల్ల తల్లుల లెక్కలో పుట్టినట్టు తేలిన పిల్లలు దాదాపు 85 మాత్రమే.

తిమింగలం రాకపోతే పడవ కదలదు. పడవ కదలకపోతే గైడ్‌కు, కెప్టెన్‌కు, క్యాంపులో వంట చేసే అమ్మకు పని ఉండదు. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఇదే: ఇక్కడ ఉద్యోగ భద్రత కంపెనీ చేతిలో కంటే ప్రకృతి చేతిలోనే ఎక్కువ. అదే సమయంలో, లెక్కించేవాళ్లు, కారణం వెతికేవాళ్లు, ఓడలను నెమ్మదింపజేసేవాళ్లు ఇంతగా అవసరమైన కాలం కూడా ఇంకోటి లేదు.

మన దగ్గర దారులు

కాలిఫోర్నియాలో లాగా తిమింగలాల సీజన్, రోజూ నడిచే బోటు టూర్లు మన తెలుగు తీరంలో లేవు. కానీ సముద్ర క్షీరదాలను లెక్కించే పని మన దగ్గరా ఉంది. దానికో వ్యాపార కారణమూ ఉంది. తమకు సముద్రపు చేపల ఉత్పత్తులు అమ్మే దేశాలు, వలల్లో చిక్కి తిమింగలాలు, డాల్ఫిన్లు చనిపోకుండా ఏం చేస్తున్నాయో చూపాలని అమెరికా చట్టం చెబుతోంది. అందుకే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ), ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా కలిసి మన జలాల్లో వీటి లెక్కింపు చేపట్టాయి. ఈ రెండింటికీ విశాఖపట్నంలో కేంద్రాలున్నాయి. ఇలాంటి ప్రాజెక్టుల్లో ప్రాజెక్ట్ అసిస్టెంట్, రీసెర్చ్ ఫెలో పోస్టులకు సంస్థల వెబ్‌సైట్లలో ప్రకటనలు వస్తుంటాయి. పెద్ద నోటిఫికేషన్ల మీదే కన్నేసినవాళ్లు వీటిని గమనించరు.

ఏం చదవొచ్చంటే...

- సముద్ర జీవశాస్త్రం: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం ఉంది. తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయం పరంగిపేట కేంద్రం, కేరళలోని కుసాట్, శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)లోని పాండిచ్చేరి విశ్వవిద్యాలయ కేంద్రం ఈ రంగంలో పేరున్నవి.
- వన్యప్రాణి శాస్త్రం: డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ ఎమ్మెస్సీ కోర్సులు నడుపుతున్నాయి. ఎన్‌సీబీఎస్ ప్రవేశాలు రెండేళ్లకోసారి ఉంటాయి. ఈ రెండుచోట్లా సీట్లు తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది.
- ఫిషరీస్: నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఫిషరీ సైన్స్ కళాశాల ఉంది. పడవలు, నావిగేషన్ వైపు ఆసక్తి ఉంటే విశాఖలోని సిఫ్‌నెట్ కేంద్రం చూడొచ్చు.
- సముద్ర సమాచారం: హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు, అలల హెచ్చరికలు పంపుతుంది. ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్స్ వాళ్లకు ఇదొక లక్ష్యం.
- టూరిజం: ఐఐటీటీఎం సంస్థకు నెల్లూరులో క్యాంపస్ ఉంది. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ పడవలు నడపడం, ప్రాణరక్షణ లాంటి చిన్న కోర్సులు నేర్పుతుంది.

ఇప్పుడే మొదలుపెట్టండి

‘తిమింగలాలు లేని చోట ఏం ప్రాక్టీసు చేస్తాం?’ అంటారేమో. వలస వచ్చే జీవులు మనకు తక్కువా? చలికాలం నుంచి ఎండాకాలం మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుక తీరాల్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు రాత్రిళ్లు తీరం వెంట నడిచి గుడ్లను సేకరించి, పిల్లలు పొదిగాక సముద్రంలో వదులుతాయి. చాలాచోట్ల వాలంటీర్లను తీసుకుంటాయి. పులికాట్‌కు ఫ్లెమింగోలు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా వస్తాయి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరుగుతుంది. జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన ఉంటుంది, అందులో ఎవరైనా చేరొచ్చు.

వీటిలో ఏదో ఒకటి ఎంచుకుని ఒక సీజన్ మొత్తం క్రమం తప్పకుండా వెళ్లండి. తేదీ, టైమ్, చోటు, వాతావరణం, సంఖ్య... ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఏమీ కనిపించని రోజూ రాయండి. పక్షులైతే ‘ఈబర్డ్’ యాప్‌లో ఎక్కించండి. ఆ సమాచారాన్ని ఎక్సెల్‌లోనో, ఉచితంగా దొరికే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్‌లోనో పెట్టి రెండు గ్రాఫ్‌లు గీయండి. ‘క్యూజీఐఎస్’ నేర్చుకుని మ్యాపు మీద చూపండి. ఇంటర్వ్యూలో ‘ప్రకృతి అంటే నాకు చాలా ఇష్టం సార్’ అనేవాళ్లు వందమంది ఉంటారు. ‘ఈ తీరంలో 60 రోజులు తిరిగాను, ఇదిగో నా లెక్క’ అనేవాళ్లు ఒకరో ఇద్దరో.

వీటితోపాటు ఈత వచ్చి తీరాలి. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ పనికొస్తుంది. ఇంగ్లిష్‌లో ధారాళంగా వివరించగలగాలి, తెలుగులోనూ అంతే బాగా చెప్పగలగాలి. మత్స్యకారులతో మాట్లాడి వాళ్ల దగ్గర సమాచారం రాబట్టేది తెలుగే మరి. మత్స్యకార కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఇక్కడ ఒక అడుగు ముందే ఉంది. గాలి మారితే నీళ్లు ఎలా మారతాయో, ఏ కాలంలో ఏం కనిపిస్తుందో వాళ్లకు ఇంట్లోనే తెలుస్తుంది. మార్కుల మెమోలో లేని ఆ జ్ఞానాన్ని రెజ్యూమెలో ధైర్యంగా రాసుకోండి.

జాగ్రత్తలు కూడా...

చాలా పనులు సీజనల్. ఆరు నెలల పని, ఆరు నెలల విరామం మామూలే. మొదట్లో జీతాలు తక్కువ, వాలంటీరుగా కొంతకాలం గడపాల్సి రావొచ్చు. ఇంటి పరిస్థితి చూసుకుని, మరో ఆదాయ మార్గం పక్కన ఉంచుకునే దిగండి. విదేశాల్లో పనంటే ఆ దేశపు వర్క్ వీసా నిబంధనలు ముందే చూసుకోవాలి. ‘సముద్రంలో ఉద్యోగం ఇప్పిస్తాం’ అంటూ ముందే డబ్బు అడిగే ఏజెంట్లకు దూరంగా ఉండండి. సముద్రంలో తిప్పే కడుపు ఉంటే, తీరం మీద, ల్యాబ్‌లో, కంప్యూటర్ ముందు చేసే పనులు ఎంచుకోండి, వాటికీ కొదవలేదు.

ఒకవేళ చివరికి ఈ రంగంలో కొలువు దొరక్కపోయినా, ఓపికగా గమనించడం, సరిగ్గా లెక్కించడం, చూసింది నిజాయతీగా రాయడం నేర్చుకున్నవాళ్లకు సర్వే సంస్థల నుంచి డేటా కంపెనీల దాకా చోటుంటుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చే కాలానికి ఒక నోట్‌బుక్, ఒక టార్చిలైటు సిద్ధం చేసుకుని, దగ్గర్లోని అటవీ శాఖ కార్యాలయంలో వాలంటీర్ల గురించి అడిగి చూడండి.